చల్లార్చే నీటికి ఎంత పంపు కావాలి?

నీటితో చల్లబరిచే యంత్రాల మీద ఈసారి ఉత్తరాలు బాగానే వచ్చాయి. స్పిండిల్, లేజర్, కంప్యూటర్, సర్వర్... యంత్రం ఏదైనా అడిగేది ఒకటే: పంపు చాలడం లేదు, ఇంకా పెద్దది పెట్టమంటారా అని. చాలావాటికి మా జవాబు ‘వద్దు’. ఎందుకు వద్దో, బదులు ఏం చేయాలో ఒక్కొక్కటిగా చూడండి.

ప్రశ్న: మా సీఎన్‌సీ రౌటర్‌కు 2.2 కిలోవాట్ల వాటర్ కూల్డ్ స్పిండిల్ (కోసే పనిముట్టును తిప్పే మోటారు) ఉంది. దాంతో వచ్చిన 75 వాట్ల సబ్‌మెర్సిబుల్ పంపు 3.5 మీటర్ల ఎత్తుకు ఎత్తుతుందని రాసి ఉంది గానీ నీళ్లు సన్నగా వస్తున్నాయి. అందుకని పక్కనే ఇంకో పంపు పెట్టి టీ జాయింటుతో కలిపాం. బైపాస్ వాల్వు కూడా బిగించాం. ఎక్కడో ఒకచోట కారుతూనే ఉంది, నీటి ధార మాత్రం పెద్దగా పెరగలేదు. 6 మి.మీ. పైపు రానూపోనూ 12 మీటర్లు ఉంటుంది.
– ఫర్నిచర్ వర్క్‌షాపు నిర్వాహకుడు, చర్లపల్లి

జవాబు: ముందు ఆ రెండో పంపు తీసేయండి. దాంతోపాటే టీ జాయింటూ బైపాస్ వాల్వూ పోతాయి, కారే చోట్లు సగం తగ్గుతాయి. మీ ఇబ్బంది పంపుది కాదు, పైపుది.

ఆ స్పిండిల్ పూర్తి లోడులో వదిలే వేడి 500 వాట్లు అనుకుందాం, ఇది ఎక్కువ వేసుకున్న లెక్కే. నిమిషానికి లీటరు చొప్పున పారే నీరు ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 70 వాట్లు మోసుకుపోతుంది. ఆ లెక్కన నిమిషానికి 2 లీటర్లు పారితే నీరు లోపలికి వెళ్లి వచ్చేసరికి 3.6 డిగ్రీలు పెరుగుతుంది. స్పిండిల్‌కు ఇది చాలు. అదే 4 లీటర్లు పారిస్తే 1.8 డిగ్రీలు పెరుగుతుంది. ఈ కాస్త తేడాకు ఇంకో పంపు దండగ.

నిమిషానికి 2 లీటర్లు 6 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న 12 మీటర్ల పైపులో తోయాలంటే ఒరిపిడికే 4 మీటర్లకు పైగా హెడ్డు (పంపు నీటిని ఎత్తగల ఎత్తు) ఖర్చవుతుంది. మీ పంపు గరిష్ఠ హెడ్డే 3.5 మీటర్లు, అది కూడా ధార సున్నా అయినప్పుడు. మరి నీళ్లు సన్నగా రాక ఏం చేస్తాయి? అదే దూరానికి 10 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న పైపు వేస్తే ఆ 4 మీటర్లు కాస్తా 40 సెంటీమీటర్లకు దిగుతుంది. పైపు వ్యాసం కొద్దిగా పెరిగినా ఒరిపిడి దాదాపు ఐదో ఘాతంలో పడిపోతుంది. కొలిచేటప్పుడు లోపలి వ్యాసమే కొలవండి. బయట 8 మి.మీ. అని అమ్మే పీయూ పైపుల్లో చాలావాటికి లోపల ఉండేది 5 మాత్రమే. అందులో ఒరిపిడి 6 మి.మీ. పైపు కంటే రెండు రెట్లకు మించి ఉంటుంది.

రెండో పంపు ఎందుకు పనిచేయలేదో కూడా ఇందులోనే ఉంది. పక్కపక్కన కలిపిన పంపులకు ధారలు కలుస్తాయి గానీ హెడ్డు పెరగదు. పైపే గొంతు పట్టుకున్నప్పుడు ఎన్ని పంపులు పక్కన చేర్చినా ఒరిగేది కొద్దే. పైగా నాన్ రిటర్న్ వాల్వు (నీటిని వెనక్కి పోనివ్వనిది) లేకుండా కలిపితే ఒక పంపు ఆగిన రోజు రెండోది తోసిన నీరు చాలావరకు ఆగిన పంపు గుండా తిరిగి ట్యాంకులోకే పోతుంది, స్పిండిల్‌కు అందేది కొద్దే.

చేయాల్సింది ఇదీ. ట్యాంకు నుంచి యంత్రం దాకా 10 మి.మీ. పైపు లాగండి. కేబుల్ చెయిన్‌లో పట్టకపోతే చెయిన్ మొదటిదాకా అయినా లాగి, అక్కడ ఇత్తడి రిడ్యూసర్ పెట్టి, మిగిలిన మీటరో మీటరున్నరో పాత పైపుతో సరిపెట్టండి. తిరిగొచ్చే పైపు కొస నీటిలో మునిగి ఉండాలి. అలా ఉంటే ఒకసారి పైపులన్నీ నిండాక ఎత్తిన ఎత్తు దిగేటప్పుడు తిరిగి వస్తుంది, పంపు మోసేది ఒరిపిడి ఒక్కటే. కొస గాలిలో వేలాడితే ఆ సాయం కొంత పోతుంది. పంపును ట్యాంకు అడుగున ఆనించకుండా అంగుళం ఎత్తులో పెట్టండి, మడ్డి లాగదు.

ధార కొలవడానికి మీటరు కొనక్కర్లేదు. తిరుగు పైపు కొసను నీటిమట్టం దగ్గరే ఉంచి లీటరు సీసా పట్టండి. 30 సెకన్లలో నిండితే నిమిషానికి 2 లీటర్లు. ఇంకొకటి, మీరు అడగలేదు గానీ చెప్పాలి. 20 లీటర్ల బకెట్టుతో నడుపుతుంటే 500 వాట్లు పడ్డప్పుడు ఆ నీరు గంటకు 20 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. గంటల తరబడి నడిచే పనికి ఫ్యాన్ ఉన్న రేడియేటర్ తప్పదు. పంపు మార్చినంత మాత్రాన ఆ వేడి ఎక్కడికీ పోదు.

ప్రశ్న: బీటెక్ ప్రాజెక్టుగా ప్రాసెసర్ చల్లబరిచే చిన్న పంపును మేమే తయారు చేయాలనుకుంటున్నాం. మామూలు మోటారుకు షాఫ్టు, సీలు పెట్టి చేస్తే రెండుసార్లూ షాఫ్టు దగ్గర కారింది. భాగాలు తగ్గించి చేయడం ఎలా?
– మెకానికల్ విద్యార్థులు, ఘట్‌కేసర్

జవాబు: కారే చోటు షాఫ్టు బయటికి వచ్చే రంధ్రం. ఆ రంధ్రమే లేకుండా చేయండి. మెకానికల్ సీలు అంటే తిరిగే ముఖం, నిలిచే ముఖం, స్ప్రింగు, రబ్బరు. ఈ నాలుగూ సరిగ్గా ఒకే గీతలో కూర్చోవాలి, ముఖాల మధ్య సన్నటి నీటి పొర ఎప్పుడూ ఉండాలి. చేతి లేతు మీద ఆ గీత కుదరడం కష్టం. రోటర్ (మోటారులో తిరిగే భాగం) నీటిలోనే తిరిగి, కాయిల్స్ గోడకు అవతల పొడిగా ఉండే పద్ధతిలో ఆ బెడద ఉండదు. కంప్యూటర్ కూలింగులో పేరున్న లైంగ్ వారి డీ5 పంపు ఈ దారిదే. అందులో కదిలే భాగం ఒక్కటి, గోళాకారపు రోటరూ ఇంపెల్లరూ (నీటిని తోసే రెక్కల చక్రం) కలిసిన ముక్క. ఒకే ఒక్క సెరామిక్ గోళీ మీద తిరుగుతుంది, మూత విప్పితే చేత్తో పైకి వచ్చేస్తుంది.

ముందు ఎంత పని కావాలో రాసుకోండి. నిమిషానికి 4 లీటర్లు, 2 మీటర్ల హెడ్డు అనుకుంటే నీటికి అందాల్సిన శక్తి 1.3 వాట్లు. మీ పంపు సామర్థ్యం పాతిక శాతమే వచ్చినా 5, 6 వాట్ల మోటారు సరిపోతుంది. ఇంత చిన్న పని కోసం 50 వాట్ల మోటారు తగిలిస్తే మిగతాదంతా వేడై మీరు చల్లార్చాల్సిన నీటిలోకే దిగుతుంది.

ఇంపెల్లర్ వ్యాసం అంచు వేగం నుంచి వస్తుంది. 2 మీటర్ల హెడ్డుకు అంచు దగ్గర సెకనుకు 6.3 మీటర్ల వేగం పెట్టుకోండి. నిమిషానికి 4,000 చుట్లు తిరిగితే వ్యాసం 30 మి.మీ. వస్తుంది. ఈ కొలతలో వంపు తిరిగిన రెక్కల కోసం తంటాలు పడొద్దు. ఆరు నిటారు రెక్కలు, పైమూత లేని తెరిచిన ఇంపెల్లర్, అంచు దగ్గర 3 మి.మీ. ఎత్తు. నీరు వచ్చే రంధ్రం 10 మి.మీ. రెక్కలకూ మూతకూ మధ్య సందు 0.3 నుంచి 0.5 మి.మీ. మించకూడదు, హెడ్డు పోయేది అక్కడే. కేసింగు కూడా నత్తగుల్ల ఆకారంలోనే ఉండాలని పట్టుబట్టకండి. ధార తక్కువ, హెడ్డు ఎక్కువ కావాల్సిన ఇలాంటి పంపులో గుండ్రటి గిన్నె, దాని అంచుకు స్పర్శరేఖలా ఒక బయటి దారి చాలు. పోయే సామర్థ్యం కొద్ది, మిగిలే పని చాలా.

కళాశాల వర్క్‌షాపులో అన్నిటికంటే తేలికైనది బల్లపరుపు పద్ధతి. ఇంపెల్లర్ అడుగున అయస్కాంతాలు పొదగండి, గిన్నె అడుగు 1 మి.మీ. మందం ఉండేలా పాలీకార్బొనేట్ దిమ్మలో తొలవండి, స్టేటర్‌ను (కాయిల్స్ ఉన్న కదలని భాగం) కింది నుంచి ఆనించండి. స్టీలు గోడ పెట్టొద్దు, ఎడ్డీ కరెంట్లతో వేడెక్కి శక్తి తింటుంది. స్టేటర్‌లో ఇనుము ఉంటే అయస్కాంతాలను కిందికి లాగుతూ ఉంటుంది. నీరేమో ఇంపెల్లర్‌ను నీరొచ్చే రంధ్రం వైపు పైకి లాగుతుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి కొంతవరకు కొట్టేసుకుంటాయి, పైన వేరే థ్రస్ట్ బేరింగు పని ఉండదు. కింద ఒక సెరామిక్ వాషర్ చాలు. షాఫ్టు తిరగదు, 3 మి.మీ. అల్యూమినా కడ్డీ గిన్నెలో బిగిసి నిలబడుతుంది. దాని చుట్టూ ఇంపెల్లర్‌లోని కార్బన్ గ్రాఫైట్ బుష్ తిరుగుతుంది. బుష్ సందు వ్యాసం మీద 0.03 నుంచి 0.05 మి.మీ. నడపడానికి 12 వోల్టుల మూడు ఫేజుల సెన్సార్‌లెస్ డ్రైవర్ వాడండి.

ఎక్కడ చెడుతుందంటే, మొదటిది అయస్కాంతం. నియోడిమియం పైపూత కాస్త గీరుకున్నా తుప్పు పట్టి ఉబ్బి గిన్నెకు ఒరుసుకుంటుంది. ఎపాక్సీలో పూర్తిగా మూసేయండి, మామూలు గ్రేడు అయితే 80 డిగ్రీలు దాటనివ్వకండి. రెండోది గాలి. బుష్‌కు నీరే నూనె. కడ్డీ చుట్టూ గాలిబుడగ నిలిస్తే బుష్ పొడిగా అరుగుతుంది. ఇంపెల్లర్ వెనుక నుంచి ముందుకు 1 మి.మీ. రంధ్రాలు రెండు వేస్తే బుడగ బయటికి పోతుంది. మూడోది ఓ-రింగు గాడి. త్రీడీ ప్రింటు చేసిన గాడిలో పొరల గీతల వెంట నీరు ఊరుతుంది, ఆ ముఖాన్ని సన్న ఎమెరీ కాగితంతో నున్నగా రుద్ది తీరాలి. రింగు ఈపీడీఎం రబ్బరుది తీసుకోండి, మందంలో 20 శాతం నలిగేలా గాడి లోతు ఉంచండి. పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, దాన్ని నమూనా వరకే వాడండి.

పరీక్షకు ఖరీదైన పరికరాలు వద్దు. పంపు మూతికి పారదర్శకమైన పైపు బిగించి నిలువుగా కట్టండి. నీరు ఎంత ఎత్తుకు వెళ్లి ఆగితే అది ధార సున్నా ఉన్నప్పటి హెడ్డు. ఆ తర్వాత పైపు కొసను అర మీటరు చొప్పున దించుతూ ప్రతి ఎత్తులో లీటరు నిండడానికి పట్టే సమయం రాసుకుంటే పంపు గీత వచ్చేస్తుంది. రిపోర్టులో ఆ గీత మీద మీ బ్లాకు, రేడియేటర్ ఒరిపిడి గీత కూడా గీయండి. రెండూ కలిసే చోటే అసలు ధార.

ప్రశ్న: ఎయిర్ కూలర్ పంపుతో వెల్డింగ్ ట్రాన్స్‌ఫార్మర్ చల్లబరుస్తున్నాం. విప్పి చూస్తే అది ఒక్కోసారి ఇటు, ఒక్కోసారి అటు తిరుగుతోంది. చెడిపోయిందా?
– ఫ్యాబ్రికేషన్ షాపు, బాలానగర్

జవాబు: చెడిపోలేదు, దాని పుట్టుకే అంత. లోపల ఉన్నది రెండు ధ్రువాల అయస్కాంతం, ఒక కాయిల్. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంది. ఏ వైపు బయల్దేరాలో చెప్పేది అందులో ఏదీ లేదు. అందుకే రెక్కలు నిటారుగా ఉంటాయి, ఎటు తిరిగినా నీరు తోస్తాయి. ఇంపెల్లర్‌ను వేళ్లతో తిప్పి చూడండి, అయస్కాంతానికీ దానికీ మధ్య అరచుట్టు దాకా ఖాళీ తగులుతుంది. నీటి బరువు మీద పడకముందే అయస్కాంతం ఊపందుకోవడానికి అలా వదిలారు. ఇంత తక్కువ భాగాలతో నడిచే పంపులు అరుదు.

వోల్టేజీ పడిపోతే మాత్రం బయల్దేరలేక గుంయ్‌మంటూ కాయిల్ వేడెక్కుతుంది. షాఫ్టు మీద సున్నపు పొర పేరినా అంతే. లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు పెద్ద చెంచాల నిమ్మ ఉప్పు కలిపి అరగంట నానబెడితే పొర వదులుతుంది. 230 వోల్టులు నీటిలో ఉన్నాయి కనుక 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్), ఎర్తింగు లేకుండా వాడకండి.

ప్రశ్న: 80 వాట్ల సీఓటూ లేజర్‌కు ఫ్యాన్ చిల్లర్ ఉంది. మే నెలలో నీరు వేడెక్కి అలారం మోగుతోంది. ఎక్కువ ధార ఇచ్చే పంపు వేస్తే తగ్గుతుందా?
– బోర్డులు, మొమెంటోల తయారీ, రాణిగంజ్

జవాబు: తగ్గదు. లేజర్ ట్యూబులోకి వెళ్లిన కరెంటులో కాంతిగా బయటికి వచ్చేది పదో వంతు అటూ ఇటూ, మిగతాది నీటిలోకే. మీ ట్యూబుకు అది 700 వాట్ల దాకా ఉంటుంది. కంప్రెసర్ లేని చిన్న ఫ్యాన్ చిల్లర్లు డిగ్రీకి 50 వాట్ల చొప్పున వేడి వదులుతాయి. అంటే నీరు గదికంటే 14 డిగ్రీలు పైనే ఉంటుంది. మన ఎండాకాలంలో షాపు లోపల 38 ఉంటే నీరు 50 దాటినట్టే. ఏ పంపు పెట్టినా ఫ్యాన్ చిల్లర్ నీటిని గదికంటే చల్లగా చేయలేదు. కంప్రెసర్ ఉన్నదే కొనండి. లోపల వచ్చిన పంపును అలాగే ఉంచండి.

కొన్నాక వానాకాలంలో జాగ్రత్త. గదిలో 30 డిగ్రీలు, 70 శాతం తేమ ఉంటే 24 డిగ్రీల దగ్గరే ట్యూబు మీద చెమ్మ పడుతుంది. అంత హై వోల్టేజీ పక్కన చెమ్మ అంటే మెరుపే. జూన్ నుంచి అక్టోబరు దాకా నీటిని 25, 26 మీద పెట్టండి, మిగతా నెలల్లో 20కి దించుకోవచ్చు.

ప్రశ్న: మా చిన్న సర్వర్ గదిలో 40 కిలోవాట్ల ర్యాకు ఒకటి నీటితో చల్లబరుస్తున్నాం. రెండు పంపులు, నాన్ రిటర్న్ వాల్వులు, త్రాటిల్ వాల్వు, బైపాస్... సర్వీసు వారే తికమక పడుతున్నారు. ఒక పంపు తీసేయవచ్చా?
– ఐటీ సంస్థ సౌకర్యాల విభాగం, మాదాపూర్

జవాబు: పంపు తీయొద్దు, త్రాటిల్, బైపాస్ వాల్వులు తీయండి. 10 డిగ్రీల పెరుగుదలకు మీకు కావాల్సింది నిమిషానికి 60 లీటర్ల లోపే. త్రాటిల్ వాల్వు బిగించి ధార తగ్గించడమంటే కాలు యాక్సిలరేటర్ మీద ఉంచి బ్రేకు తొక్కడం. డ్రైవ్ (మోటారు వేగాన్ని మార్చే పరికరం) పెట్టి వేగం తగ్గించండి. మూసిన చుట్టులో ఎత్తు లెక్కలోకి రాదు, అంతా ఒరిపిడే. అందుకని వేగం 70 శాతానికి దింపితే ధార 70 శాతం, హెడ్డు సగం, కరెంటు మూడో వంతుకు వస్తాయి. అప్పుడు బైపాస్‌కూ పని ఉండదు.

రెండు పంపుల్లో ఒకటి నడుస్తుంది, ఒకటి సిద్ధంగా ఉంటుంది. నాన్ రిటర్న్ వాల్వులు, విప్పడానికి ఆ పక్కా ఈ పక్కా ఐసొలేషన్ వాల్వులు మాత్రం కదపొద్దు. వారానికోసారి పంపుల వంతు మార్చండి, కదలని పంపు అవసరం వేళ పట్టేసుకుంటుంది. ఎక్స్‌పాన్షన్ ట్యాంకు (వేడికి ఉబ్బిన నీటికి చోటిచ్చేది) పంపు సక్షన్ వైపే, అంటే నీరు పీల్చే వైపే కలవాలి. అవతల కలిపితే పంపు మొదలైనప్పుడల్లా సక్షన్ దగ్గర ఒత్తిడి పడిపోయి జాయింట్లలోంచి గాలి పీలుస్తుంది. సన్న ఫిల్టర్ కూడా సక్షన్‌లో వద్దు, పంపు తర్వాత పెట్టండి. కోల్డ్ ప్లేట్ల (చిప్‌ల మీద ఆనే, లోపల నీరు పారే పలకల) సందులు తల వెంట్రుక మందానివి, కాబట్టి 50 మైక్రాన్లు లేదా అంతకన్నా సన్నది ఉండాలి. ఫిల్టర్‌కు ముందూ వెనకా ప్రెషర్ గేజీలు పెడితే ఎప్పుడు మార్చాలో అవే చెబుతాయి. కొత్త పంపు కొనే రోజు వస్తే సీలు లేని క్యాన్డ్ మోటారుది (రోటర్ నీటిలోనే తిరిగేది) అడగండి.

హైదరాబాద్‌లో నీరు గడ్డకట్టదు కదా, గ్లైకాల్ ఎందుకని చివర్లో అడిగారు. పాతిక శాతం ప్రొపిలీన్ గ్లైకాల్ కలిపితే సూక్ష్మజీవులు పెరగవు, అసలు లాభం అది. బదులుగా ద్రవం చిక్కబడి పంపు మీద భారం కాస్త పెరుగుతుంది. డ్రైవ్ ఉంటే సర్దుకుంటుంది.

ప్రశ్న: కంప్యూటర్ ఏఐఓ కూలర్ (పంపు, రేడియేటర్, పైపులు కలిసి నీరు నింపి వచ్చేది) గుడగుడమంటోంది. పంపు పోయినట్టేనా?
– కూకట్‌పల్లి

జవాబు: అది గాలి చప్పుడు. పైపుల గుండా ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా నీరు ఆవిరై పోతుంది, ఆ జాగాలో గాలి చేరుతుంది. రేడియేటర్ పైఅంచు ప్రాసెసర్ మీదున్న పంపుకన్నా ఎత్తులో ఉండాలి, లేకుంటే గాలి వచ్చి పంపులో కూర్చుంటుంది. క్యాబినెట్ అడుగున బిగించి ఉంటే పైకి మార్చండి. బయాస్‌లో పంపును పూర్తి వేగం మీద పెట్టి, నడుస్తుండగానే క్యాబినెట్‌ను అటూ ఇటూ మెల్లగా వంచితే బుడగలు రేడియేటర్‌లోకి చేరతాయి.

ప్రశ్న: ఏ నీళ్లు పోయాలి? ఫ్లో స్విచ్ (నీటి ధార ఆగితే యంత్రాన్ని ఆపేది) తీసేస్తే ఒక జాయింటు తగ్గుతుంది కదా? ఇంపెల్లర్ ఒక్కటే దొరుకుతుందా?
– వేర్వేరు ఉత్తరాల నుంచి

జవాబు: బోరు నీళ్లు వద్దేవద్దు. సున్నం మొదట పేరేది పంపు బుష్ మీదే. ఇంట్లో ఆర్‌ఓ నీళ్లలోనూ లవణాలు మిగిలే ఉంటాయి. బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ 5 లీటర్ల డబ్బా తెచ్చుకోండి. రాగి బ్లాకుకు అల్యూమినియం రేడియేటర్ తగిలిస్తే మాత్రం ఏ నీళ్లు పోసినా అల్యూమినియం తినేస్తుంది. రెండూ రాగివో, రెండూ అల్యూమినియంవో తీసుకోండి.

ఫ్లో స్విచ్ తీయకండి. నీరు ఆగిన సంగతి లేజర్ ట్యూబుకు సెకన్లలో తెలుస్తుంది, మనకు ట్యూబు పగిలాక తెలుస్తుంది. స్విచ్‌ను తిరుగు పైపులో, యంత్రం దాటాక పెట్టండి. పంపు పక్కనే పెడితే మధ్యలో పైపు ఊడినా ‘అంతా బాగుంది’ అనే చెబుతుంది.

కూలర్ పంపుల ఇంపెల్లర్లు, బుష్‌లు విడిగా అడిగితే రాణిగంజ్ పంపుల దుకాణాల్లో చూపిస్తారు, 12 వోల్టుల చిన్న పంపులకు కోఠి గుజరాతీ గల్లీలో అడగండి. పాత ముక్క చేతిలో పట్టుకెళ్లండి. షాఫ్టు వ్యాసం, అయస్కాంతం పొడవు, రెక్కల వ్యాసం మూడూ కలవాలి. పొడవు ఒక్క మి.మీ. ఎక్కువైనా మూత బిగించగానే పట్టేసుకుంటుంది.